పెన్సిల్‌కి కట్టిన దారం

ఇక్కడ వేలికి సిరా చుక్క పెట్టరు.
ఓటేసినవాడూ వెయ్యనివాడూ
ఒకే రకం చేతుల్తో బస్సెక్కుతారు.

మెథడిస్టు చర్చి వెనక హాలు.
నిన్నటిదాకా పసిపిల్లల ఆటస్థలం.
మూలకి నెట్టిన ప్లాస్టిక్ జారుడుబల్ల మీద
ఓటర్లు ఇటు అని ఒక బాణం గుర్తు.
ఉదయం ఏడింటికి గ్వెండా హార్టిల్
ఖాళీ పెట్టెని వంచి చూపించింది
అమ్మే ముందు కుండని వాయించి చూపినట్టు.
తర్వాత సీలు.

హాల్డెన్‌షా బరో, కెనాల్‌సైడ్ వార్డు.
ఇక్కడి యుద్ధాలు చిన్నవి.
చెత్తబండి వారానికోసారా, మూడు వారాలకా.
బిర్చ్ లేన్ మలుపులో గుంట ఎవరి హయాంలోది.
లైబ్రరీకి శనివారం ఉండాలా.
రాజ్యాలేమీ కూలవు.
కూలితే ఒక గోడ కూలుతుంది,
అదీ పార్కులో మరుగుదొడ్డి గోడ.

ఎనిమిదిన్నరకి వాన.
వానతోపాటు డెస్మండ్ ప్రౌట్, ఎనభై రెండేళ్ళు.
బస్సు పాసులో మీసం ఉంది, మొహాన లేదు.
నలభై ఏళ్ళుగా పక్కవీధి మనిషి.
అయినా గ్వెండా ఫొటోనీ మొహాన్నీ
మార్చి మార్చి చూసింది.
చూడటమే ఆ పూట ఉద్యోగం.
"సూపులో మునుగుతోందని తీసేశా" అన్నాడాయన,
నేరం ఒప్పుకుంటున్నట్టు.

పదకొండు నుంచి పన్నెండు దాకా ఎవరూ రాలేదు.
ఒక కుక్క వచ్చింది.
దాని వెనక, తాడు చివర, ఒకామె:
"పార్కులో కుక్కల్ని విప్పనిచ్చేది వీళ్ళలో ఎవరు?"
చెప్పకూడదండీ, అంది గ్వెండా.

బూతులో పెన్సిల్‌కి దారం కట్టి ఉంటుంది.
ఎత్తుకుపోతారనట.
నాకు మాత్రం చేదకి కట్టిన తాడులా కనిపిస్తుంది.
ఎవరెంత లోతుకి దించినా
పైకొచ్చేది ఒక్క ఇంటూ గుర్తే.
మా బళ్ళో తప్పుకి వేసే ఇంటూ
ఇక్కడ ఒప్పుకి వేస్తారు.

రాత్రి పది. మళ్ళీ సీలు.
ఈతకొలను పక్క ఆటల హాల్లో లెక్కింపు.
క్లోరిన్ వాసన, కాళ్ళ కింద బాడ్మింటన్ గీతలు,
పాతికేసి కాగితాలకి ఒక రబ్బరు బాండు.

క్లైవ్ టనిక్లిఫ్, ఆరువందల పదకొండు.
ఫిలిపా ఆర్మరాడ్, ఆరువందల పదకొండు.
మిగతా ముగ్గురూ మిగిలింది పంచుకున్నారు.
మళ్ళీ లెక్కపెట్టారు.
మూడోసారి, ఎవరూ దగ్గకుండా.
అదే పదకొండు, అదే పదకొండు.

చెల్లనివి తొమ్మిది.
ఒకదాని మీద పేర్లన్నిటికీ అడ్డంగా
"ఆగస్టు నుంచీ మా ఇంటిముందు దీపం వెలగట్లేదు."
ఇద్దరూ ఆ కాగితం మీదికి వంగారు,
అక్షరాల్లో ఎక్కడైనా
తమవైపు ఒరిగిన గీత ఉందేమోనని.
లేదు. దీపమే ఉంది.

బిస్కెట్ల డబ్బాలో రెండు చీటీలు వేసి
అధికారి మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి పెట్టాడు.
టనిక్లిఫ్.
చప్పట్లు కొట్టినవాళ్ళకి కూడా
దేనికి కొడుతున్నారో తెలిసినట్టు లేదు.
ఆర్మరాడ్ కోటు వేసుకుంటూ
ఒక చెయ్యి తప్పు చేతిలో దూర్చింది.

ఆ వేళకి గ్వెండా ఇంట్లో
కాళ్ళు వేణ్ణీళ్ళ టబ్బులో పెట్టుకుని
ఫోన్లో ఆ వార్త చూసి
ఫ్రిజ్ వైపు చూసింది.
ఫ్రిజ్ మీద, పళ్ళగిన్నె కింద, ఒక కవరు.
డ్యూటీ పడింది కాబట్టి తెప్పించుకున్న పోస్టల్ ఓటు.
మూడు వారాలుగా అరటిపండ్ల బరువు మోస్తోంది.
నాలుగొందల మందికి కాగితం అందించిన చెయ్యి
దాన్ని ఒక్కసారి కిందికి దించలేదు.

తడికాళ్ళతో వెళ్ళి కవరు చింపింది.
ఈ పెన్నుకి దారం లేదు.
ఒక గడిలో ఇంటూ వేసి,
పిజ్జా కాగితాలుండే సొరుగులో తోసేసింది.
ఎవరికో నాకు తెలుసు.
చెప్పకూడదు.

కిటికీ అవతల వీధిదీపం లేదు.
అద్దంలో ఆవిడ మొహమే,
పక్కన టబ్బు, ఆరబెట్టిన గిన్నెలు,
రెండుంబావు చూపిస్తున్న గడియారం, తిరగేసి.